ముప్పావు అంగుళం

డంకన్స్ టికిల్, న్యూఫౌండ్‌లాండ్
1979 ఫిబ్రవరి 4

మరదలు ఊనాకి,

ఇక్కడ నేనూ, మీ అక్క బ్లాంచ్, మేకా ముగ్గురం బాగానే ఉన్నాం. మంచు కిటికీ సగం దాకా వచ్చింది. ఇక అసలు సంగతి. చదివి నవ్వుకుంటే నవ్వుకో గానీ, మీ స్కూల్లో మిగతా లెక్కల పంతులమ్మలకి మాత్రం చదివి వినిపించకు.

మా ఊళ్ళో కొత్త బడి కడతారట. ఆగస్టులో పని మొదలు. ముప్పై ఏళ్ళుగా ఈ తీరంలో ఇళ్ళకి కప్పులు వేస్తున్నది నేనే కాబట్టి మేస్త్రీని కూడా నేనే అనుకున్నాను. కాదట. మేస్త్రీకి సర్టిఫికెట్ ఉండాలట. ఊళ్ళో అలాంటి వడ్రంగి ఉంటే పని అతనిదే, లేకపోతే హాలిఫాక్స్ నగరం నుంచి ఒకణ్ణి దింపుతారట. వాడు జేబులో చేతులు పెట్టుకుని నిలబడితే నేను చెక్కలు మొయ్యాలి. అదీ నా మనవరాలు చదువుకోబోయే బడికి!

సర్టిఫికెట్‌కి జూన్‌లో పరీక్ష. వందకి డెబ్బై రావాలి. పుస్తకం తెప్పించాను. సగం దాకా నాకు తెలిసిందే. ఆ తర్వాత సైన్, కొసైన్, టాంజెంట్ అని ముగ్గురు తగిలారు. పేర్లు చూస్తే ఆస్తి తగాదాల లాయర్లలా ఉన్నారు. నేను ఆరో క్లాసులో బడి మానేసి లాబ్రడార్ తీరానికి చేపల వేటకి పోయినవాణ్ణి. వీళ్ళతో నాకు పరిచయం లేదు. నువ్వు చెయ్యాలి పరిచయం.

ఫోన్ చెయ్యకు. మా లైను మీద ఆరిళ్ళున్నాయి. ఒకరు మాట్లాడితే అయిదుగురు ఊపిరి బిగబట్టి వింటారు. యాభై ఏడేళ్ళ హెడ్లీ పార్డీ లెక్కలు నేర్చుకుంటున్నాడని తెలిస్తే నా తల ఎక్కడ పెట్టుకోను? ఉత్తరాలే రాయి. కవరు మీద నీ పేరు వద్దు.

నీ బావ
హెడ్లీ

సెయింట్ జాన్స్
ఫిబ్రవరి 19

బావా,

నవ్వాను. రెండుసార్లు. రెండోసారి స్టాఫ్ రూములో. పేరు మాత్రం చెప్పలేదు.

నిచ్చెన తీసి గోడకి ఆనించు. గోడ, నేల, నిచ్చెన కలిస్తే లంబకోణ త్రిభుజం. గోడా నేలా కలిసే చోట లంబకోణం, దానికి ఎదురుగా వాలి ఉన్న నిచ్చెన కర్ణం. మూడింట్లో పొడవైనది ఎప్పుడూ అదే. ఇప్పుడు నిచ్చెన కాళ్ళ దగ్గర కోణం చూడు. గోడ ఎత్తుని నిచ్చెన పొడవుతో భాగిస్తే సైన్. నేల మీది దూరాన్ని నిచ్చెనతో భాగిస్తే కొసైన్. గోడని నేలతో భాగిస్తే టాంజెంట్. నీ లాయర్లు ముగ్గురూ చేసేది ఇంతే.

గుట్టు ఎక్కడుందంటే, కోణం మారనంత వరకూ నిచ్చెన కోడిగూటిదైనా చర్చి గంటస్తంభానిదైనా ఈ మూడు అంకెలూ మారవు. అందుకే ఎవరో పుణ్యాత్ములు అన్ని కోణాలకీ ముందే లెక్కకట్టి పట్టిక వేశారు. దాని కాపీ ఇందులో పెట్టాను. టీ ఒలకబోయకు.

నాకు ఆరేళ్ళప్పుడు గాలానికి ఎర గుచ్చడం నేర్పుతూ నన్ను మొద్దుపిల్లా అన్నావు. నాకు గుర్తుంది. ఈ నాలుగు నెలలూ నీకు బాగానే గడుస్తాయి.

ఊనా

డంకన్స్ టికిల్
మార్చి 11

పంతులమ్మకి,

నిచ్చెన సంగతి నాకా చెప్పడం? నాలుగడుగుల ఎత్తుకి ఒక అడుగు ఎడం. పన్నెండడుగుల ఎత్తు అందాలంటే కాళ్ళు గోడకి మూడడుగుల దూరంలో. మా నాన్న నన్ను ఇంటిమీదికి ఎక్కించిన మొదటిరోజే చెప్పాడు. అంటే టాంజెంట్ నాలుగు. నీ పట్టికలో వెతికితే డెబ్బై ఆరు డిగ్రీల దగ్గర దొరికింది. మా నాన్న సంతకం కూడా పెట్టలేడు, టాంజెంట్ మాత్రం నోటికి వచ్చు!

ఇంకో మాట. మేం కప్పుల్ని డిగ్రీల్లో చెప్పం. ‘పన్నెండుకి ఏడు’ అంటాం. పన్నెండంగుళాలు లోపలికి జరిగితే ఏడంగుళాలు పైకి లేస్తుందని. మూలమట్టం మీద ఆ రెండు అంకెలూ పట్టుకుని గీత గీస్తే వాసం వాలు వచ్చేస్తుంది. అదీ టాంజెంటేగా? ముప్పై డిగ్రీలంటే పన్నెండుకి ఏడు కన్నా అర నూలు తక్కువ. నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు, నీకు తెలియకపోతే.

కాబట్టి టాంజెంట్‌తో నాకు ముప్పై ఏళ్ళ స్నేహం అని తేలింది. మిగతా ఇద్దర్నీ వదిలెయ్యవచ్చా?

హెడ్లీ

సెయింట్ జాన్స్
ఏప్రిల్ 2

బావా,

వదలకూడదు. నువ్వు చేసి పంపిన పది లెక్కల్లో మూడు ఒప్పు. మిగతా ఏడింట్లోనూ ఒకటే తప్పు: కొసైన్ ఉండాల్సిన చోట సైన్‌ని కూర్చోబెట్టావు.

నాలుగో లెక్క చూడు. ఇరవై అడుగుల ఇల్లు, ముప్పై డిగ్రీల కప్పు. వాసం కిందున్న నేల అందులో సగం, పది అడుగులు. నేలా వాసమూ కలిస్తే కొసైన్. పదిని పాయింట్ ఎనిమిది ఆరు ఆరుతో భాగిస్తే పదకొండడుగుల ఆరున్నర అంగుళాలు. నువ్వు సైన్‌తో భాగించి ఇరవై అడుగులు తెచ్చావు. ఇరవై అడుగుల ఇంటికి రెండువైపులా ఇరవయ్యేసి అడుగుల వాసాలు! వర్షం పడితే పక్కింటివాళ్ళు కూడా నీ కప్పు కిందే నిలబడొచ్చు.

తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళని చూశాను గానీ, లెక్కపెట్టి కూడా తప్పు చెప్పేవాణ్ణి నిన్నే చూశాను.

ఊనా

డంకన్స్ టికిల్
మే 6

మరదలా,

ఈసారి పదికి తొమ్మిది. నీ ఎర్ర పెన్సిల్‌కి పస్తే.

చిట్కా నేనే కనిపెట్టాను. వాసం కాలిదగ్గర నేను నిలబడినట్టు అనుకుంటాను. కంటికి ఎదురుగా లేచింది సైన్. కాలికింద కొసైన్. అంతే. మీ పుస్తకం రాసినవాడు ఎప్పుడైనా ఒక ఇంట్లో నిలబడి ఉంటే ఈ ముక్క మొదటి పేజీలోనే రాసేవాడు.

ఇక్కడ ఒక ముచ్చట. పేరు లేని కవర్లు, ఆడదాని చేతిరాత, పదిహేను రోజులకోసారి సెయింట్ జాన్స్ ముద్ర. పోస్టాఫీసులో కూర్చునే మిసెస్ కీపింగ్ రెండూ రెండూ కూడి అయిదు చేసింది. నాకు పట్నంలో ఎవరో ఉందని ఊరంతా గుప్పుమంది. పాస్టరు నాతో ఒంటరిగా మాట్లాడాలన్నాడు. నేను తల వంచుకుని, ‘తప్పే అయ్యగారూ, మానలేకపోతున్నాను’ అన్నాను. లెక్కలని చెప్పడంకన్నా అదే నయం.

మీ అక్క ఆనందానికి అంతులేదు. చర్చిలో ఆడవాళ్ళు ఆమె చెయ్యి పట్టుకుని జాలిపడుతుంటే కళ్ళు కూడా ఒత్తుకుందట. ఇంటికొచ్చి చేపలు కోస్తూ, ‘నలభై అయిదుకి టాంజెంట్ ఎంత?’ అని అడుగుతుంది. ఒకటి. నిద్రలో లేపి అడిగినా ఒకటే.

హెడ్లీ

సెయింట్ జాన్స్
మే 28

బావా,

ఇక కొత్తగా చెప్పేదేం లేదు. నీకు వచ్చేసింది. నిజంగానే అంటున్నాను.

పరీక్షలో జవాబులు గళ్ళలో అంకెలుగానే రాయాలట, మాటలు అక్కర్లేదు. నువ్వు మాట్లాడకుండా ఉండగలిగితే గట్టెక్కినట్టే. జూన్ చివరి వారాల్లో నాకు ఏవో కాగితాల పని తగిలింది. ఉత్తరం ఆలస్యమైతే కంగారుపడకు.

ఊనా

డంకన్స్ టికిల్
జూన్ 17

మరదలు పిల్లా,

రాసేశాను! తీరం వెంట తిరిగే స్టీమరెక్కి వెళ్ళి రాసి వచ్చాను. తొమ్మిదో ప్రశ్న దగ్గర పెన్సిల్ నొక్కి కాగితానికి చిల్లు పెట్టాను, అది తప్పితే అంతా సాఫీ.

ఏడో ప్రశ్న మన ఇంటి చుట్టమే. ఇరవై నాలుగడుగుల ఇల్లు, ముప్పై డిగ్రీల కప్పు, వాసం పొడవెంత? ఎనిమిది మార్కులు. పక్కన బొమ్మ. నేలలో సగం పన్నెండడుగులు, కొసైన్‌తో భాగిస్తే పదమూడడుగుల పదింపావు అంగుళాలు. పుస్తకం పురుగులందరూ అదే రాసుంటారు. కానీ బొమ్మలో పైన వెన్నుపలక గీశారు, రెండువైపుల వాసాలూ వచ్చి ఆనుకునే పలక. దాని మందం ఒకటిన్నర అంగుళం, ఈ తీరంలో పసిపిల్లలకి కూడా తెలుసు. అందులో సగం, ముప్పావు అంగుళం, ఒక్కోవైపు నేల కొలతలోంచి తీసెయ్యాలి. తీసేసి భాగించాను. పదమూడడుగుల తొమ్మిది అంగుళాల మూడు నూళ్ళు.

అది కనిపెట్టి ఇచ్చిన ప్రశ్న, ఊనా. పెట్టినవాడెవడో గానీ అసలైన వడ్రంగి. ఒకవేళ దిద్దేవాడు మొద్దు రాచ్చిప్పై అది తప్పన్నాడో, వాడింటి కప్పు సరిగ్గా వాడు సూప్ తాగే చోట కారాలి. బొట్టు బొట్టుగా. బతికినన్నాళ్ళూ.

హెడ్లీ

సెయింట్ జాన్స్
జూన్ 26

బావా,

ఆ మొద్దు రాచ్చిప్పను నేనే.

మే చివర పరీక్ష బోర్డువాళ్ళు లెక్కల కాగితం దిద్దమని పిలిచారు. ఇంతకుముందు ఆడవాళ్ళని పిలవలేదట. పొంగిపోయాను. సొంతవాళ్ళు రాసే పరీక్ష దిద్దకూడదు. బయటపెడితే ఆ పనైనా వదులుకోవాలి, నీకు పాఠాలైనా మానాలి. కాగితాల మీద పేర్లుండవు, నంబర్లే కదా అని నోరు మూసుకున్నాను. సిగ్గులేని పనే, ఒప్పుకుంటున్నాను.

నలభై మూడు కాగితాలు. బోర్డు ఇచ్చిన జవాబు పదమూడు, పదింపావు. నీతో కలిపి, నీలాగే రాసినవాళ్ళు అయిదుగురున్నారు. అయిదుగురికీ సున్నా పెట్టాను. పైగా ‘వీళ్ళందరికీ ఒకే తప్పు నేర్పిన గురువెవరో’ అని నవ్వుకున్నాను కూడా. తర్వాత నీ ఉత్తరం వచ్చింది. ఆ అయిదూ మళ్ళీ తీశాను. పన్నెండో నంబరు కాగితంలో తొమ్మిదో ప్రశ్న దగ్గర చిల్లు.

నీకు అరవై నాలుగు వచ్చాయి. ఎనిమిది కలిపితే డెబ్బై రెండు. కాగితం నా భోజనాల బల్ల మీదే ఉంది, పెన్సిల్ చేతిలోనే ఉంది. సున్నాని ఎనిమిది చెయ్యడానికి పైన ఇంకో సున్నా పెడితే చాలు. ఎవరికీ తెలియదు.

కానీ మిగతా నలుగురు? వాళ్ళకి బోర్డులో మరదళ్ళు లేరు. వాళ్ళకీ నేనే ఎనిమిదేసి వేస్తే బోర్డు జవాబు ప్రకారం అది దొంగ దిద్దుబాటు, ఎవరు తిరగేసినా అందరివీ పోతాయి. అందుకని మొత్తం కట్ట వెనక్కి పంపించాను. జవాబు తప్పని రాశాను, పన్నెండో నంబరు మా బావ అనీ రాశాను. ఫలితాలు సెప్టెంబరు దాకా ఆపేశారు.

బడి పని ఆగస్టులో అని నాకు తెలుసు. నన్ను ఎన్ని తిట్టినా పడతాను.

ఊనా

డంకన్స్ టికిల్
జూలై 4

ఊనా,

పైన ఇంకో సున్నా! అంతే కదా నువ్వు పెట్టాల్సింది!

హాలిఫాక్స్ మేస్త్రీకి గది కావాలట. ఎక్కడ చూశారో తెలుసా? మా ఇంట్లో. నీ నిజాయితీకి నేను మంచం వేసి దుప్పటి కప్పాలి.

ఇక ఉత్తరాలు రాయకు.

హెడ్లీ పార్డీ

డంకన్స్ టికిల్
జూలై 22

చెల్లీ,

మీ బావ నీ పేరు ఎత్తొద్దన్నాడు, కాబట్టి రోజూ ఎత్తుతున్నాను. మొదటి వారం తిట్టాడు. రెండో వారం అన్నం మీద అలిగాడు, నేను పట్టించుకోకపోతే వంటింట్లో నిలబడి చల్లారిన చేపల కూర గిన్నెడు తిన్నాడు. నిన్న ఉన్నట్టుండి, ‘ఆ నలుగురూ ఎవరై ఉంటారే?’ అన్నాడు. ‘నాకేం తెలుసు?’ అన్నాను. ‘ఎవరైనా గానీ, పని వచ్చినవాళ్ళు’ అన్నాడు.

పట్నం నుంచి నీ ఉత్తరాలు ఆగిపోయేసరికి మిసెస్ కీపింగ్ నా దగ్గరికొచ్చి దేవుడు నా మొర విన్నాడంది. నువ్వు త్వరగా రాయి, నాకీ విజయం భరించడం కష్టంగా ఉంది.

మీ అక్క బ్లాంచ్

సెయింట్ జాన్స్
ఆగస్టు 6

బావా,

వద్దన్నా రాస్తున్నాను. నాకోసం కాదు.

బోర్డు ముందు నిలబడ్డాను. ముగ్గురు మగవాళ్ళు, మూడు చుట్టలు. నల్లబల్ల మీద బొమ్మ గీసి వెన్నుపలక చూపించాను. పెద్దాయన ‘అమ్మా, త్రిభుజమంటే త్రిభుజమే. దాని కొనకి మందం ఉండదు’ అన్నాడు. నిజమే, నేను ఇరవై రెండేళ్ళుగా పిల్లలకి చెబుతున్నదీ అదే! నా నోటితో నేను చెప్పిన పాఠమే నా మీదికి వచ్చింది. వాళ్ళు సెప్టెంబరు పదో తేదీన తేల్చేస్తారట. ఇంకోసారి వినమని బతిమాలి ఒప్పించాను.

వాళ్ళకి బొమ్మలు చాలవు. చెక్కలు కావాలి. నాకు రంపం పట్టడం రాదు. నీకు నా మీద కోపముంటే ఉండనీ, ఆ నలుగురి మీద లేదు కదా. కోసి పంపు.

ఊనా

డంకన్స్ టికిల్
ఆగస్టు 20

ఊనాకి,

స్టీమర్లో పెద్ద పెట్టె వస్తుంది. పరీక్షలోని ఇల్లే, సగం సైజు. గోడలకి రెండు దిమ్మలు, మధ్యన పన్నెండడుగుల బద్ద, పలక నిలబెట్టడానికి ఒక గుంజ, ముప్పావు అంగుళం మందం వెన్నుపలక, రెండు జతల వాసాలు. ఎర్రరంగువి బోర్డు లెక్క. పచ్చరంగువి నా లెక్క. మొదట ఎర్రవి పెట్టు. కాళ్ళ దగ్గర కోసిన గాడి గోడమీద కూర్చోదు, మూడు నూళ్ళు బయటికి పోతుంది. ఆ పెద్దాయన్ని చిటికెనవేలు పెట్టి చూడమను. చుట్ట ముందు కిందపెట్టమను.

కొనకి మందం ఉండదన్నాడా? కాగితం మీద ఉండదు. కాగితం కింద ఎవడు కాపురం చేస్తాడు?

పలకకి ఏ వైపు పైన అన్నది గుర్తు పెట్టాను. అయినా నువ్వు తలకిందులుగా పెడతావని నాకు నమ్మకం ఉంది.

ఇక్కడ గోడలు లేస్తున్నాయి. నేను చెక్కలు మోస్తున్నాను. హాలిఫాక్స్‌వాడు మంచివాడే, అదొక్కటే నాకు మింగుడుపడటం లేదు. చెడ్డవాడైతే కాస్త సుఖంగా ఉండేది.

హెడ్లీ

సెయింట్ జాన్స్
సెప్టెంబర్ 14

బావా,

బోర్డు గదిలో నీ చెక్కలు పట్టలేదు. నడవాలో పరిచాం. టైపు చేసే అమ్మాయిలంతా వచ్చి నిలబడ్డారు. పలక తలకిందులుగానే పెట్టాను, గేటు కాపలాతాత తిప్పాడు.

ఎర్రవాసాలు పెట్టాను. కూర్చోలేదు. పెద్దాయన ఒకవైపు నొక్కాడు, రెండోవైపు లేచింది. రెండోవైపు ఇంకొకాయన నొక్కాడు, పలక పక్కకి ఒరిగింది. ముగ్గురూ మోకాళ్ళ మీద కూర్చుని చెక్కలతో కుస్తీ పడుతుంటే, నేను ‘చిటికెనవేలు పెట్టి చూడండి’ అన్నాను. పెట్టాడు. దూరింది. అప్పుడు పచ్చవి పెట్టాను. టక్కుమని కూర్చున్నాయి. కాపలాతాత ‘మరి పలక మందం తీయరా ఎక్కడైనా?’ అన్నాడు. ఆయనా ఒకప్పుడు వడ్రంగేనట.

అయిదుగురికీ ఎనిమిదేసి వేశారు. నీ కాగితం వేరేవాళ్ళు మొదటినుంచీ మళ్ళీ దిద్దారు. పదకొండో ప్రశ్నలో నేను చూసీ చూడనట్టు వదిలేసిన తప్పొకటి పట్టుకుని రెండు కోశారు. అరవై నాలుగు, ఎనిమిది, తీసివేత రెండు. డెబ్బై బావా! కచ్చితంగా డెబ్బై!

దిద్దేవాళ్ళ జాబితాలోంచి నా పేరు కొట్టేశారు. రెండురోజులు ఏడ్చాను, అబద్ధమెందుకు. ఆ జాబితాలో నా పేరు చూసుకోవడం నాకు ఇష్టంగా ఉండేది. సర్టిఫికెట్ ఇందులోనే ఉంది. మడతపెట్టొద్దు.

ఊనా

డంకన్స్ టికిల్
సెప్టెంబర్ 30

మరదలు ఊనాకి,

కవరు అందింది. బ్లాంచ్ దాన్ని పొయ్యి పైన గోడకి కొట్టింది, వంకరగా. నేను మట్టం పెట్టి సరిచేశాను.

ఊళ్ళో సర్టిఫికెట్ ఉన్నవాడు దొరికాడు కాబట్టి హాలిఫాక్స్‌వాణ్ణి వెనక్కి రమ్మని తంతి వచ్చింది. వెళ్తూ వెళ్తూ నా చెయ్యి పట్టుకుని ఊపి, ‘గోడలు నావి, కప్పు మీది’ అన్నాడు. గోడలు కొలిచాను. ఒక మూల అంగుళం తేడా. వాణ్ణి ఇప్పుడు పూర్తిగా క్షమించాను.

నువ్వు ఆ రోజు ఇంకో సున్నా పెట్టి ఉంటే గోడలు కూడా నావే అయ్యుండేవి. ఆ కోపం నాకు పోలేదు, పోయిందని చెప్పను. కానీ పచ్చవాసాలు కోస్తున్నప్పుడు తెలిసింది: ఆ ఎనిమిదీ నువ్వు దొంగతనంగా ఇచ్చి ఉంటే, ఎవరైనా ‘నీకెన్ని వచ్చాయి హెడ్లీ?’ అని అడిగిన ప్రతిసారీ నేను మాట మార్చేవాణ్ణి. ఇప్పుడు అడక్కపోయినా చెబుతున్నాను. పాస్టరుకి చెప్పాను, పట్నంలో ఆడదెవరో కూడా చెప్పాను. పాపం, ఆయన మొహం చిన్నబోయింది. మిసెస్ కీపింగ్ నమ్మడం లేదు.

నిన్న పొద్దున పదిగంటలకి మొదటి జత వాసాలు లేపాం. కింద సగం ఊరు నిలబడింది. నా వైపుది నేను దింపాను, అవతలివాళ్ళు వాళ్ళది దింపారు. పలకకీ వాసానికీ మధ్య పట్టిక కాగితం దూర్చి చూశాను, దూరలేదు. గోడమీద గాడి అచ్చు గుద్దినట్టు కూర్చుంది. అంతా ‘మేస్త్రీ, దిగండి, టీ తాగుదాం’ అన్నారు. నన్నే అన్నది. ఒక నిమిషం ఉండి దిగుతానన్నాను.

దిగి, చెక్కల వెనక్కి వెళ్ళి ఏడ్చాను, ఊనా. కంట్లో రంపపు పొట్టు పడిందని బ్లాంచ్‌కి చెప్పాను. నీకు నిజం చెబుతున్నాను.

నీ బావ
హెడ్లీ